స్పీకర్లు ఒక కుర్చీకా, నూట ఇరవై కుర్చీలకా?



మన హాలుకి కొత్త స్పీకర్లు కొనే విషయమై గ్రూపులో మూడు వారాలుగా నడుస్తున్న వాదన చదువుతూనే ఉన్నాను. ఒకరు హార్న్ స్పీకర్లు తప్ప వేరేవి వద్దంటారు. ఇంకొకరికి హార్న్ అనగానే పెళ్లిపందిరి మైకు గుర్తొస్తుంది. మరొకరు చిన్న బ్రిటిష్ పెట్టెలంటే ప్రాణం పెడతారు. ముగ్గురూ చెవి ఉన్నవాళ్లే. ముగ్గురి ఇళ్లలోనూ కూర్చుని, కాఫీ తాగి, పాటలు విన్నవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాసే చనువు తీసుకుంటున్నాను.

ఈ ఇష్టాయిష్టాలు ఊరికే పుట్టలేదు. క్లిప్‌షార్న్ సంగతే చూడండి. అమెరికాలో 1946 నుంచి తయారవుతున్న ఆ భారీ పెట్టెను గది మూలలో పెట్టడానికే రూపొందించారు. ఆ రెండు గోడలూ హార్న్‌లో భాగమై బాస్‌ని మోస్తాయి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క. మృదంగం దెబ్బ గుండెకు తగలాలనే వాళ్లకి అది నచ్చకపోతేనే వింత. దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది ఎల్ఎస్ 3/5ఏ. బయటి రికార్డింగులకు వెళ్లే ఇరుకు వ్యాన్లలో మాట ఎలా వస్తోందో సరిగ్గా వినడానికి బీబీసీ ఇంజనీర్లు 1970లలో చేసుకున్న అడుగు ఎత్తు పెట్టె అది. గొంతు అంత సహజంగా పలికేవి తక్కువ. కానీ అదే ఒక్క వాట్‌కి దాని దగ్గర వచ్చేది 83 డెసిబెల్స్ లోపే. క్లిప్‌షార్న్‌తో సమానంగా మోగాలంటే నూరు రెట్లకు పైగా పవర్ కావాలి, అంత తట్టుకునే ఒళ్లు దానికి లేదు.

ఒకరికి పనికిరానిది ఇంకొకరికి ప్రాణం కావడమూ ఉంది. యమహా ఎన్ఎస్-10 అని తెల్ల కోన్ ఉన్న స్పీకరు 1978లో ఇళ్ల కోసమే వచ్చింది. ఇళ్లలో దానికి పెద్ద ఆదరణ దొరకలేదు. స్టూడియోల వాళ్లు మాత్రం దాన్ని ఎగరేసుకుపోయారు. కీచుమంటోందని ట్వీటర్ మీద టిష్యూ కాగితం అంటించుకుని మరీ వాడారు! రికార్డింగులో లోపం దాచకుండా చూపిస్తుందని వాళ్ల ఇష్టం. సాయంత్రం హాయిగా పాట వినేవాడికి ఆ లోపాలతో ఏం పని?

ఇక కంటి సంగతి. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు నిపుణులు 1994లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. అవే స్పీకర్లను ఒకసారి కనబడేలా, ఒకసారి తెర వెనక పెట్టి మార్కులు వేయమన్నారు. మార్కులు మారిపోయాయి. పేరు, సైజు, అందం చెవి మీద అంత పెత్తనం చేస్తాయి.

అయితే మన అసలు చిక్కు ఇది కూడా కాదు. హైఫైలో జరిగే వాదనలన్నీ ఒక్క కుర్చీ వాదనలు. రెండు స్పీకర్లకూ సమదూరంలో ఉన్న ఆ ఒక్క కుర్చీలోనే గాయకుడు సరిగ్గా మధ్యలో నిలబడ్డట్టు ఉంటుంది. మన హాల్లో నూట ఇరవై కుర్చీలున్నాయి. ఎడమ పక్కన కూర్చున్న మామ్మగారికి ఎడమ స్పీకరే పాట. పైగా మనం నెలనెలా పెట్టుకునే పాటల్లో చాలావరకు మాయాబజార్ (1957) కాలానివి, ఇక్కడే మద్రాసు స్టూడియోల్లో మోనోలో రికార్డయినవి. మోనో పాటలో లేని వేదిక వెడల్పు కోసం సంఘం డబ్బు పెడతామా?

నాకూ ఒక పక్షపాతం ఉంది, చెప్పేస్తాను. ఇంట్లో అయితే కళ్లు మూసుకుని ఆ చిన్న బ్రిటిష్ పెట్టెలే ఎంచుతాను. హాలుకి మాత్రం అవి వద్దనే నా ఓటు. చివరి వరుస దాకా నిండాలని వాల్యూమ్ పెంచితే పాపం అవి అరుస్తాయి. అలాగని మూల కోరే హార్న్‌లూ మనకు కుదరవు. మన వేదికకు రెండు పక్కలా తలుపులే.

ఇంకో మాట. నేలంతా టైల్స్, మూడు వైపులా నున్నటి గోడలు. ఏ స్పీకరు పెట్టినా మాట మాటను తొక్కేస్తుంది. కేటాయించిన డబ్బులో కొంత ముందుగా గోడలకు మందపాటి తెరలు వేయడానికి ఖర్చుపెట్టమని కోశాధికారి గారికి నా విన్నపం. తెరలకి శిలాఫలకం ఉండదు కనుక దాతలు ముందుకు రాకపోవచ్చు, అది వేరే సంగతి.

తరువాత దుకాణాల వాళ్లని డెమోకి పిలుద్దాం. స్పీకర్లు గుడ్డ వెనక ఉండాలి. వాల్యూమ్ మీటరుతో సమానం చేయాలి, ఎందుకంటే రవ్వంత గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. ముందు పాట వద్దు, ఎవరైనా పది నిమిషాలు మాట్లాడిన రికార్డింగు పెడదాం. మార్కులు వేసేది మనం ముగ్గురం నలుగురం కాదు, చివరి వరుసలోనూ పక్క కుర్చీల్లోనూ కూర్చునే పెద్దవాళ్లు. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లు కనీసం ఇద్దరైనా వాళ్లలో ఉండాలి. వచ్చే నెల మొదటి ఆదివారం వీలుపడుతుందేమో కార్యదర్శి గారు చెప్పాలి. అడ్డం కట్టడానికి పలచటి గుడ్డ మా ఇంట్లో ఉంది, తెస్తాను.