‘జానపదం’ అని రాస్తే ఇక పేరు అక్కర్లేదా?

బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో పెళ్ళి ఊరేగింపు కదిలిందంటే ముందు ధుమాల్ ఉండాల్సిందే. బండి మీద డ్రమ్ములు, కీబోర్డు ప్యాడ్, పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు. పాట మొత్తం అక్కర్లేదు. జనం గుర్తుపట్టే ఆ నాలుగు స్వరాల ముక్క ఉంటే చాలు, దాన్నే తిప్పి తిప్పి వాయిస్తారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే ఊళ్ళో చాలానే ఉన్నాయి కాబట్టి ఛత్తీస్‌గఢీ ముక్క తర్వాత హిందీ ముక్క, ఆ తర్వాత తెలుగు ముక్క రావడం ఇక్కడ వింతేమీ కాదు. అయితే ‘గేందా ఫూల్’ వాయించమని అడిగితే మాత్రం ఇప్పుడు ఎదురు ప్రశ్న వస్తుంది: ఏ గేందా ఫూల్?

పేరు ఒకటే అయినా పాటలు రెండు. రెండూ పల్లెల నుంచి వచ్చినవే. పల్లె నుంచి ప్రపంచానికి వెళ్ళే దారిలో రెండింటికీ ఒకే సమస్య ఎదురైంది.

మొదటిది ఈ నేలదే. కొత్తగా అత్తారింటికి వచ్చిన పిల్ల అక్కడి మనుషుల గురించి పాడుకునే ఛత్తీస్‌గఢీ పాట. రాయ్‌పూర్‌కు చెందిన జోషీ సోదరీమణులు రేఖ, రమ, ప్రభల గొంతులో 1970లలోనే ఈ ప్రాంతానికి పరిచయం. హబీబ్ తన్వీర్ నాటకాల చుట్టూ తిరిగిన కళాకారుల నోళ్ళలోనూ నలిగింది. పదాలు గంగారామ్ శివారేవని ఇక్కడ చెప్తారు. 2009లో ‘ఢిల్లీ-6’ సినిమాలోకి వచ్చింది. నాటకరంగం నుంచి వచ్చిన నటుడు రఘువీర్ యాదవ్ ఈ పాటను సినిమావాళ్ళకు వినిపించారు. సంగీతం ఏ.ఆర్. రెహమాన్, పాటను మలచడంలో రజత్ ఢోలకియా, సాహిత్యం ప్రసూన్ జోషి, ప్రధాన గాయని రేఖా భరద్వాజ్. దేశమంతా మోగింది. అది ఛత్తీస్‌గఢ్ పాట అన్న సంగతి మాత్రం బయటివాళ్ళలో చాలామందికి చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండోది 2020 మార్చిలో బాద్‌షా విడుదల చేసిన పాట. అందులో అందరికీ పట్టుకున్న బెంగాలీ ముక్క వీర్‌భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ 1970ల మొదట్లో కట్టిన పాటలోది. 1976లో స్వప్నా చక్రవర్తి రికార్డు చేశారు. బాద్‌షా పాట విడుదలైనప్పుడు రతన్ కహార్ పేరు లేదు, ‘బెంగాలీ జానపదం’ అన్న మాటే ఉంది. రాసిన మనిషి బతికే ఉన్నాడు, పేదరికంలో ఉన్నాడు అని బెంగాల్‌లో గొడవ మొదలయ్యాక బాద్‌షా ఆయనకు 5 లక్షల రూపాయలు పంపారు. 2024లో రతన్ కహార్‌కు పద్మశ్రీ వచ్చింది. బతికున్న రచయితను అజ్ఞాత పూర్వీకుల జాబితాలో చేర్చేయడం ఎంత సులువో ఈ ఒక్క ఉదంతం చూస్తే చాలు.

ఇదంతా ఉత్తరాది వ్యవహారం అనుకోనక్కర్లేదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా పాట ‘సారంగ దరియా’ బయటికి రాగానే ఇదే పంచాయితీ మన దగ్గరా జరిగింది. సంగీతం పవన్ సీహెచ్, గాయని మంగ్లీ, సాహిత్యం సుద్దాల అశోక్ తేజ. ఆ పాటను అంతకు ముందే ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో పాడిన కోమల, సేకరించి జనంలోకి తెచ్చిన తన ఊసే లేదేమని అడిగింది. జానపదం ఏ ఒక్కరి సొత్తూ కాదని సుద్దాల వాదన. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల కోమలకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించడంతో వేడి తగ్గింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. ఆ మాటకొస్తే అరువు లేని పాపులర్ సంగీతమే లేదు. ‘మిస్సమ్మ’ (1955) కోసం సాలూరి రాజేశ్వరరావు కట్టిన ‘బృందావనమది’ బాణీ, రెండేళ్ళ తర్వాత హిందీ ‘మిస్ మేరీ’లో వినిపించింది. మన ‘దళపతి’ పాటలోని ముక్క 2007లో లండన్ గాయని ఎం.ఐ.ఏ. ఆల్బమ్‌లో తేలింది. అమెరికన్ బృందం బ్లాక్ ఐడ్ పీస్ 2003లో ఇళయరాజా పాట ముక్కనే లూప్ చేసుకుంది. తీన్మార్ దెబ్బ ఎవరిది? ఏ దప్పు కళాకారుడూ అది నాదని కోర్టుకెళ్ళలేడు, వెళ్ళకూడదు కూడా. తాళం, రాగం, ఒక వరస నడక, గొంతును విరిచే తీరు ఇవన్నీ అందరి ముడిసరుకు. నలుగురూ వాడుకుంటేనే అవి బతుకుతాయి.

చట్టం కూడా ఈ తేడానే పట్టుకుంటుంది. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని వ్యక్తం చేసిన రూపం మీదే హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అది నాటకానికీ సినిమాకూ మధ్య తగాదా. పాటల కేసుల్లోనూ ఆ సూత్రాన్నే తీసుకొస్తారు. మరి నాలుగు స్వరాల ముక్క ఆలోచనా, రూపమా? 2008లో రామ్ సంపత్, రాజేష్ రోషన్ మీద వేసిన కేసులో బాంబే హైకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే. ఒక ఫోన్ కంపెనీ ప్రకటన కోసం సంపత్ కట్టిన చిన్న ముక్క ‘క్రేజీ 4’ పాటల్లో ఉందన్నది ఆరోపణ. కొన్ని సెకన్ల ముక్కే అయినా పాటకు అదే ప్రాణమైతే అది కాపీయే అని కోర్టు అభిప్రాయపడి, ఆ పాటలతో సినిమా విడుదల కాకుండా ఆపింది. నిర్మాతలు 2 కోట్ల రూపాయలిచ్చి రాజీ చేసుకున్నారు.

సంపత్ ముంబైలో స్టూడియో ఉన్న సంగీత దర్శకుడు. ముక్క ఎప్పుడు కట్టాడో, ఎవరికి అమ్మాడో కాగితం మీద ఉంది. రతన్ కహార్ దగ్గరో, నాచా ఆడే ఛత్తీస్‌గఢ్ కళాకారుడి దగ్గరో అలాంటి కాగితం ఎక్కడుంటుంది?

కాగితం లేకపోతే ఎంత పేరున్న ఘరానాకైనా ఇబ్బందేనని ‘వీర రాజ వీర’ కేసు చెప్తోంది. ‘పొన్నియిన్ సెల్వన్-2’లోని ఆ పాట, జూనియర్ డాగర్ సోదరులు కట్టిన ‘శివ స్తుతి’ని పోలి ఉందని ధ్రుపద్ గాయకుడు ఫయాజ్ వాసిఫుద్దీన్ డాగర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్‌లో ఏక సభ్య ధర్మాసనం ఆయన వైపు మొగ్గింది. పాటకు డాగర్ సోదరుల పేరు జోడించాలి, 2 కోట్ల రూపాయలు కోర్టులో జమ చేయాలి అంది. అదే ఏడాది సెప్టెంబరులో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. కారణం గమనించదగ్గది: ఒక కృతిని పాడినంత మాత్రాన దాన్ని కట్టింది వాళ్ళేనని రుజువు కాదు.

న్యాయశాస్త్రం ప్రకారం ఆ మాటలో తప్పు పట్టలేం. కానీ నోటి నుంచి నోటికి వెళ్ళే సంగీతంలో పాడటం తప్ప ఇంకో రుజువు ఏముంటుంది? కాపీరైట్ చట్టం సంగీతానికి స్వరలిపి రాసి ఉండాలన్న షరతును 1994లోనే ఎత్తేసింది. అయినా కోర్టులో నిలబడాల్సి వచ్చినప్పుడు తేదీ, రికార్డు, సంతకం అడుగుతారు. డాగర్ల లాంటి వాళ్ళకైనా కచేరీ రికార్డులుంటాయి, లాయర్లుంటారు. పొలం గట్టు మీద పాడే మనిషికి ఏముంటాయి?

‘జానపదం’ అన్న లేబుల్ అసలు పని మొదలుపెట్టేది ఇక్కడే. అది వినడానికి మర్యాదగా, వినమ్రంగా ఉంటుంది, ప్రజలకే అంకితమిచ్చినట్టు. ఆచరణలో దాని పని వేరు. పాటలో రెండు రకాల హక్కులుంటాయి: సాహిత్యం, బాణీల మీద ఒకటి, రికార్డింగ్ మీద మరొకటి. సినిమా వెర్షన్ తయారవగానే రికార్డింగ్ హక్కు మ్యూజిక్ కంపెనీది. బాణీ ‘సంప్రదాయం’ అనగానే అటువైపు వాటా అడిగే మనిషి మాయం. పైన నాలుగు చరణాలు కొత్తగా రాసినవారికి, వాద్యాలు కూర్చినవారికి మాత్రం పేరూ రాయల్టీ రెండూ ఉంటాయి. 2012 సవరణ రచయితల, స్వరకర్తల రాయల్టీ హక్కును గట్టిపరిచింది, మంచిదే. అయితే ఆ డబ్బు కాపీరైట్ సంఘాల పుస్తకాల్లో పేరున్నవాళ్ళకే చేరుతుంది.

యూట్యూబ్ వచ్చాక ఇంకో మెలిక పడింది. కంపెనీ తన రికార్డింగ్‌నూ బాణీనీ కంటెంట్ ఐడీలో పెట్టుకుంటుంది. పోలిక దొరికితే యంత్రం క్లెయిమ్ వేస్తుంది. పాట ముందు ఎవరిదన్నది దానికి పట్టదు, ముందు ఎవరు నమోదు చేశారన్నదే పడుతుంది. తన ఊరి పాటను తాను పాడి పెట్టుకున్న గాయనికి, నీ వీడియో ఆదాయం ఫలానా కంపెనీకి పోతుందని నోటీసు వచ్చే అవకాశం ఉంది. ఆమె అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఏ భాషలో, ఏ ఆధారంతో అన్నదే చిక్కు.

సుద్దాల వాదనలోనూ బలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. జానపదానికి ఒక్కరినే యజమానిగా నిలబెడితే, అదే పాటను మరో మండలంలో మరో రకంగా పాడే పదిమందికి ద్రోహం జరుగుతుంది. కోమల కూడా ఆ పాట తాను కట్టానని అనలేదు. కానీ ‘ఎవరిదీ కాదు’ అన్నదానికీ ‘ఎవరి దగ్గర విన్నామో చెప్పక్కర్లేదు’ అన్నదానికీ చాలా దూరం ఉంది. మొదటిది నిజం, రెండోది సౌకర్యం. సినిమా యూనిట్‌కు ఆ పాట ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో పాడితే విన్నారు, ఎవరో ఫోన్‌లో పంపితే విన్నారు. ఆ ‘ఎవరో’కు పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది.

పేరు వేయడం అసాధ్యమూ కాదు. ‘ఢిల్లీ-6’ వచ్చిన మరుసటి ఏడాదే, 2010లో, ‘పీప్లీ లైవ్’లో నగీన్ తన్వీర్ పాడిన ఛత్తీస్‌గఢీ పాట ‘చోలా మాటీ కే’కు గీత రచయితగా గంగారామ్ సాకేత్ పేరు ఉంది. ఎనిగ్మా బృందం 1990లలో ప్రపంచమంతా మోగించిన ‘రిటర్న్ టు ఇన్నోసెన్స్’లో వినిపించే ఆలాపన తైవాన్‌కు చెందిన అమిస్ తెగ వృద్ధ గాయకుడు దిఫాంగ్ దంపతులది. ఫ్రాన్స్ పర్యటనలో చేసిన రికార్డింగ్ నుంచి తీసుకున్నారు, పేరు వేయలేదు. వాళ్ళు కోర్టుకు వెళ్ళాక 1999లో రాజీ కుదిరి పేరు చేరింది. దానికి రికార్డింగ్ అన్న ఆధారం ఉండబట్టి సరిపోయింది. జానపద వ్యక్తీకరణలకు అంతర్జాతీయ రక్షణ కోసం ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కమిటీ 2000 నుంచీ చర్చిస్తూనే ఉంది. జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానంపై 2024 మేలో ఒప్పందం కుదిరింది. పాటలు, ఆటల వంతు ఇంకా రాలేదు.

అంతవరకూ ఆగాల్సిన పని లేదు. కాపీరైట్ సంఘాల దగ్గర పాట నమోదు చేసేటప్పుడు స్వరకర్త, గీత రచయితలతో పాటు అరేంజర్ అన్న హోదా కూడా ఉంటుంది. పాత బాణీకి కొత్త వాద్యాలు కూర్చినవారు ఆ హోదాలో నమోదు చేసుకుంటే చాలు, బాణీ మొత్తం తమ ఖాతాలోకి పోదు. మూల గాయని ఎవరో తెలిస్తే ఒప్పందంలో ఆమెకు ఒక శాతం రాయొచ్చు, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పాట విడుదల చేసే రోజు కంపెనీ గుమాస్తా నింపే ఆ ఫారంలో ‘సంప్రదాయం’ అని టైపు చేసే ముందు సంగీత దర్శకుడికి ఒక ఫోన్ చేసి, ‘సార్, ఇది మీరు ఎవరి దగ్గర విన్నారు?’ అని అడగాలి. ‘సారంగ దరియా’ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు ఒక టీవీ కార్యక్రమం వీడియోలో అందరికీ కనిపిస్తూనే ఉంది.