ముందు పట్టుకోవాల్సింది ఐసు గడ్డను

వేసవిలో వాంతులు, విరేచనాల కేసులు పెరగగానే అధికారుల చూపు తోపుడుబండ్ల మీద పడుతుంది. నాలుగు రోజులు తనిఖీలు చేస్తారు, కొన్ని బండ్లు తీయించేస్తారు, తొలకరి పడగానే అంతా మరిచిపోతారు. మళ్లీ ఏడాది అదే తంతు. చెరకు రసం, నిమ్మసోడా, మజ్జిగ అమ్మేవాళ్లను తరిమితే రోగం పోదు. బండి మీద ఎంత శుభ్రం పాటించినా, అక్కడికి చేరే నీళ్లూ ఐసూ మురికివైతే గ్లాసు మురికిదే. అందుకే నిఘా బండి దగ్గర కాదు, ఐసు ఫ్యాక్టరీలోనూ నీటి కుళాయి దగ్గరా మొదలవ్వాలి.

ఈ.కోలి మనుషుల, పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. నీళ్లలో అది కనిపించిందంటే మలం కలిసిందనే అర్థం. అందుకే మన తాగునీటి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో అది ఒక్కటి కూడా ఉండకూడదు. గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయన్నది అపోహ. వాటిలో కొన్ని నిద్రాణంగా ఉండి, ఐసు కరగగానే మళ్లీ లేస్తాయి. పైగా ఆ గడ్డ ఊకలో, గోనెసంచుల్లో దొర్లి, ఫుట్‌పాత్ మీద పగిలి గ్లాసులోకి వస్తుంది. చెరకు రసాన్ని ఎవరూ కాచరు. అందులో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. పరిస్థితులన్నీ అనుకూలిస్తే ఈ.కోలి సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క కణం 4 గంటల్లో 4 వేలు దాటుతుంది. ఒకే ఫ్యాక్టరీ గడ్డలు ఎన్నో బండ్లకు వెళ్తాయి కాబట్టి, అక్కడ జరిగిన పొరపాటు ఊరంతా పాకుతుంది.

ఇది తెలియక జరుగుతున్నది కాదు. తినడానికి పనికిరాని ఐసును గుర్తుపట్టేలా నీలం రంగు కలపాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లోనే చెప్పింది. ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో చేపల మార్కెట్‌కు వెళ్లే ఎవరైనా కళ్లారా చూసి తేల్చుకోవచ్చు. నీళ్ల సంగతీ అంతే. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషితమైన కుళాయి నీళ్లు ప్రాణాలు తీశాయి. ఇళ్లకు వచ్చే నీళ్లే అలా ఉన్నప్పుడు, అవే పట్టుకుని సోడా కలిపే మనిషిని ఒక్కడినే దోషిని చేయడం న్యాయం కాదు.

నిమ్మకాయ పులుపు సూక్ష్మజీవులను చంపేస్తుందని కొందరంటారు. పులుపు వాటిని కొంత అణచగలదు, పూర్తిగా ఆపలేదు. కంపెనీ సీసా అయితే భయం లేదని మరికొందరి ధీమా. 1996లో అమెరికాలో ఒక కంపెనీ కాచకుండా సీసాల్లో నింపి అమ్మిన ఆపిల్ రసం పుల్లనిదే. అయినా అందులోని ఈ.కోలి ఒక పసిపిల్ల ప్రాణం తీసింది. రక్షణ శుభ్రతలో ఉంది తప్ప పులుపులోనో సీసా మూతలోనో లేదు. ఏళ్లుగా తాగుతున్నాం, ఏమీ కాలేదనే మాటా వినిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తట్టుకున్నంత మాత్రాన పసివాళ్లు, గర్భిణులు, వృద్ధులు తట్టుకుంటారని కాదు. కూలికి వెళ్లే మనిషి వారం రోజులు మంచం పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నిబంధనలు పెడితే పేదల పొట్ట కొట్టినట్టేనన్న అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆ భారం బండివాళ్ల మీద కాకుండా పైనున్న ఫ్యాక్టరీల మీద, పురపాలక సంఘాల మీద పెట్టాలనేది అందుకే. వీధి వ్యాపారుల కోసం 2014లో చేసిన చట్టం వెండింగ్ జోన్లలో పౌర సదుపాయాల ప్రస్తావన చేసింది. ప్రతి జోన్‌లో క్లోరిన్ కలిపిన నీళ్ల కుళాయి ఒకటి ఉండాలి. ఆ నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో చుక్కల మందుతో నిమిషాల్లో తేలిపోతుంది. అంత చేసిన తర్వాత కూడా ఒకే బకెట్ నీళ్లలో రోజంతా గ్లాసులు ముంచేవారిని, ఈగలు ముసిరిన చెరకు రోలర్లను కడగనివారిని అప్పుడు గట్టిగా నిలదీయవచ్చు. ఏటా ఎండలు ముదరకముందే ఐసు ఫ్యాక్టరీల నీళ్లు పరీక్షించి, ఫలితాలు ఆ ఊరి ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. జబ్బులు వచ్చాక బండ్లు తీయించడం కంటే దీనికయ్యే ఖర్చు తక్కువ, కాపాడే ప్రాణాలు ఎక్కువ.