కాల్చకపోయినా కాలే నేల

ఆరల్ సముద్రం అనగానే ఇసుకలో దిగబడిన ఓడలు గుర్తొస్తాయి. అము దర్యా, సిర్ దర్యా నీళ్లను పత్తి చేలకు మళ్లించడంతో 1960ల నుంచి ఆ సముద్రం వెనక్కి తగ్గుతూ పోయింది. ఒడ్డున ఉన్నవాళ్లను చేపలు పోవడమే కాదు, ఎండిన అడుగు నుంచి లేచిన ఉప్పు, పురుగుమందుల దుమ్ము కూడా పీడించింది. నీరు పోతే అడుగున ఉన్నది ఊరుకోదు.

వానలకు లోటు లేని ఐర్లండ్‌లోనూ ఇదే జరిగింది, దుమ్ముకు బదులు బొగ్గుపులుసు వాయువు రూపంలో. ఆఫలీ కౌంటీ చుట్టుపక్కల మంచుయుగం వదిలిపోయిన సరస్సులు వేల ఏళ్లలో పూడిపోయి ‘బాగ్’లయ్యాయి. నేల అంటాం గానీ, అందులో తొంభై శాతం నీరే. అక్కడి స్ఫాగ్నమ్ నాచు గుప్పెడు తీసి పిండితే తడిగుడ్డలా కారుతుంది. నీళ్లలో గాలాడదు కాబట్టి చచ్చిన నాచు పూర్తిగా కుళ్లదు, ఏడాదికి మిల్లీమీటరు లెక్కన పేరుకుంటుంది. మీటరు మందానికి వెయ్యేళ్లన్నమాట!

దాన్నే ఇటుకల్లా కోసి, మన పిడకల్లా ఎండబెట్టి పొయ్యిలో పెడతారు. అదే టర్ఫ్. ఇంటి అవసరానికి పారతో కోసుకున్నన్నాళ్లూ నష్టం మెల్లగానే సాగింది. 1946లో బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ వచ్చి, కాలువలు తవ్వి నీరు తీసేసి, యంత్రాలతో గీకి విద్యుత్కేంద్రాలకు పంపడం మొదలుపెట్టాక కథ మారింది. నీరు దిగగానే గాలి చొరబడుతుంది. వేల ఏళ్లు దాగిన కార్బన్, పొయ్యిలో పెట్టకపోయినా, గాలిలో కలుస్తుంది. 1977లో లాక్ బూరా దగ్గర ఇలా గీకుతుండగానే పాత సరస్సు ఒడ్డున ఎనిమిది వేల ఏళ్లు దాటిన వేటగాళ్ల మజిలీ బయటపడింది. పురావస్తువాళ్లకు పండగే, ఒప్పుకోవాలి.

2020 డిసెంబరులో షానన్‌బ్రిడ్జ్, లేన్స్‌బరో విద్యుత్కేంద్రాలు మూతపడ్డాయి. మరుసటి నెలలోనే బోర్డ్ నా మోనా తవ్వకం మానేస్తున్నట్టు ప్రకటించి, 33 వేల హెక్టార్లను మళ్లీ తడపడానికి పూనుకుంది. తరాలుగా ఆ పనే చేసిన కుటుంబాలకు అది మింగుడుపడని మాట. తడినేలను బాగుచేసే ప్రయత్నం మన దగ్గరా జరిగింది: కొల్లేరు సరస్సులో 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టి నీటికి దారిచ్చారు. ఐర్లండ్‌లో తవ్విన కాలువలను పూడ్చి నీటిని ఆపుతున్నారు. పని తిరగబడినా చికిత్స ఒకటే. కొల్లేరులో గట్లు మళ్లీ లేచాయి. ఐర్లండ్ సంగతి వేరు: చాలాచోట్ల అడుగుదాకా గీకేశారు కాబట్టి, నీరు నిలిచినా ముందొచ్చేది రెల్లు, బర్చ్ చెట్లే. నాచు వంతు చాలా వెనక.