తిట్టనైనా తిట్టరేమప్పా!

కుందుర్పిలో సినిమా మీద అభిప్రాయం లేని మనిషి కనపడడు. కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడినవాళ్ళు, టీ అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, చెనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళు, అందరి దగ్గరా ఒక మాట ఉంటుంది. "ఫస్టాఫ్ బాగుందప్పా, సెకండాఫ్‌లో ఈడ్చినాడు." "పాటకు చోటు లేని కాడ పాట పెట్టినాడు." "ఎనక మోత ఎక్కువై మాటలే ఇనపల్లేదు." ఈ మాటలను నేను తక్కువ చేయను. బొమ్మ ఎక్కడ జారిపోయిందో, ఎవరి ఏడుపు నిజమో, ఎవరిది గ్లిజరినో వీళ్ళు వేలుపెట్టి చూపిస్తారు. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోని తాడిపత్రిలో పుట్టినవాడు. ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచ్ పట్టుకుని ముందే లెక్కగట్టిన దర్శకుడాయన. అట్లాంటి లెక్క ఇక్కడి మామూలు ప్రేక్షకుడి ఒంట్లోనూ ఉందని నా గట్టి నమ్మకం.

నా బాధంతా అందుకే. ఇన్ని మాటలున్న నోళ్ళు డాక్యుమెంటరీ ముందు మూతపడతాయి. కథాచిత్రం నత్తనడక నడిస్తే "డాక్యుమెంటరీ లాగుందప్పా" అని తీసిపారేస్తారు. అసలు డాక్యుమెంటరీనే ఎదురైతే ఆ ఒక్క మాట కూడా అనరు. బాగుందనీ అనరు, బాగలేదనీ అనరు. ఫోన్‌లో వేలు పైకి తోసి తరువాతిదానికి పోతారు. పాట కోసం ప్రాణం పెట్టే జనం, పాట గురించి తీసిన బొమ్మను కూడా అట్లాగే తోసేస్తారు. ఫ్లాప్ సినిమాకైనా నాలుగు తిట్లు దక్కుతాయి. దీనికి అవీ లేవు.

ఈ మౌనానికి కారణాలు లేకపోలేదు. 1948లో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది. అసలు సినిమాకు ముందు ఆ సంస్థ రీళ్ళను వేసి తీరాలని థియేటర్లకు నిబంధన ఉండేది. ప్రాజెక్టు ప్రారంభోత్సవం, వరద, మంత్రిగారి ప్రసంగం. అది నడుస్తున్నంతసేపూ జనం బయట బీడీ కాల్చుకుని, పేర్లు పడే వేళకు లోపలికి వచ్చేవాళ్ళు. అదే ఫిల్మ్స్ డివిజన్ కోసం మణి కౌల్ 1989లో ఠుమ్రీ గాయని సిద్ధేశ్వరీ దేవి మీద 'సిద్ధేశ్వరి' తీశాడు. బయట బీడీ కాల్చుకున్న తరానికి అట్లాంటి బొమ్మ కూడా ఆ సంస్థదేనని ఎవరు చెప్పారు? బలవంతంగా చూపించినదాని మీద ఏర్పడిన విసుగు తండ్రి నుంచి కొడుక్కు దిగింది. ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ విసుగు మాత్రం మిగిలే ఉంది.

రెండో కారణం మా ఊళ్ళకు ఇంకా దగ్గరిది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా ఇది. ఆ వాన కూడా అదునుకు పడదు. వాన తప్పిన ప్రతి ఏడూ కెమెరాలు వస్తాయి. నేను దగ్గరుండి చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఎండిన బోరు పక్కన ఒక పెద్దాయనను కూర్చోబెట్టారు. "ఆకాశం వైపు చూడు పెద్దాయనా" అన్నారు. చూశాడు. "ఇంకోసారి, కొంచెం నిదానంగా" అన్నారు. మళ్ళీ చూశాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టమంటే పెట్టాడు. ఆ పెద్దాయన మా వైపు చెక్కభజనకు పాట అందించే గురువు. చరణం ఎత్తుకుంటే ఇరవైమంది అడుగు ఒక్కసారిగా పడేది. వచ్చినవాళ్ళు అప్పు ఎంతో అడిగారు, బోర్లు ఎన్ని వేశావో అడిగారు. నీకేం వచ్చు పెద్దాయనా అని అడగలేదు. సామాను సర్దుకుని పోయారు. వాళ్ళు తీసింది మా ఊళ్ళో ఎవరికీ చూపించనూ లేదు. తన ముఖం ఎక్కడెక్కడ తిరిగిందో ఆ పెద్దాయనకే తెలియదు.

ఇక కథాచిత్రాల వాళ్ళు చేసింది మరొకటి. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర'. మధ్యలో, తరువాత ఇంకెన్నో. వేటకొడవళ్ళు, సుమోలు, తొడకొట్టుళ్ళు. మేమే ఈలలు వేసి చూశాం, కాదనను. ఒక కెమెరాకు మేము నరుక్కునేవాళ్ళం, ఇంకొక కెమెరాకు ఎండిపోయినవాళ్ళం. ఈ పీఠభూమి మీద జనం పాడతారని, వాయిస్తారని, రాత్రంతా పద్యాల నాటకం ఆడి తెల్లవారి చేనికి పోతారని ఈ రెండూ చూడలేదు.

అట్లని అన్ని కెమెరాలనూ ఒకే గాటన కట్టేస్తే అన్యాయమవుతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. బీడు భూముల్లో మళ్ళీ చెట్లు పెంచినవాళ్ళు, రైతులను రసాయనాలు లేని సేద్యం వైపు మళ్ళించినవాళ్ళు. అప్పుడది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ అనే ఇద్దరు అక్కడికి వచ్చి 'టింబక్టు' అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. 60వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ పర్యావరణ చిత్రంగా దానికి అవార్డు వచ్చింది. మన మట్టి మీద తీసిన బొమ్మకు జాతీయ అవార్డు వస్తే మన టీ అంగళ్ళలో ఒక్క పూటైనా ఆ మాట నడవాలి కదా. నడవలేదు.

ఆ ఇద్దరే తరువాత 'రైటింగ్ విత్ ఫైర్' తీశారు. ఉత్తరప్రదేశ్‌లో 'ఖబర్ లహరియా' పత్రిక నడిపే దళిత మహిళా విలేకరుల కథ. అది 2022 ఆస్కార్ పోటీలో ఉత్తమ డాక్యుమెంటరీ చివరి ఐదింటిలో నిలిచింది. ఆ అవార్డుల రాత్రి వేదిక మీద ఏమి జరిగిందో కుందుర్పిలో పిల్లోనికి కూడా తెలుసు. విల్ స్మిత్ లేచి వెళ్ళి క్రిస్ రాక్ చెంప మీద కొట్టాడు. ఆ వీడియో ప్రతి ఫోన్లోనూ తిరిగింది. మరి క్రిస్ రాక్ ఆ సమయంలో అక్కడ ఎందుకు నిలబడి ఉన్నాడు? ఉత్తమ డాక్యుమెంటరీ పేరు చదవడానికి. మన జిల్లాలో తిరిగి బొమ్మ తీసినవాళ్ళు ఆ హాల్లో కూర్చుని తమ పేరు వస్తుందేమోనని ఎదురుచూస్తున్న క్షణమది. ప్రపంచమంతా చెంపదెబ్బను చూసింది. ఏ బొమ్మకు బహుమతి వచ్చిందో అన్నది ఆ గోలలో కొట్టుకుపోయింది.

గెలిచింది పాటల డాక్యుమెంటరీ. పేరు 'సమ్మర్ ఆఫ్ సోల్'. 1969 వేసవిలో న్యూయార్క్ హార్లెమ్‌లోని ఒక పార్కులో నల్లజాతివాళ్ళ సంగీతోత్సవం వారాల తరబడి జరిగింది. స్టీవీ వండర్ పాడాడు, నీనా సిమోన్ పాడింది. దాదాపు 40 గంటల నిడివిగల రీళ్ళు తీసిపెట్టారు. అదే వేసవిలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం లోకమంతా మార్మోగింది. హార్లెమ్ రీళ్ళు మాత్రం ఎవరూ కొనక యాభై ఏళ్ళ దాకా నేలమాళిగలో పడున్నాయి. క్వెస్ట్‌లవ్ అనే డ్రమ్మర్ వాటిని బయటికి తీసి బొమ్మగా కూర్చాడు. ఆ కథ వింటే మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. పక్కన పెట్టేయడమంటే ఏమిటో ఈ ఊళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కరలేదు.

మరుసటి ఏడాది ఇంకా విచిత్రం. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. కీరవాణి వేదిక మీద పాడుతుంటే ఇక్కడ మేము టీవీల ముందు లేచి నిలబడ్డాం. అదే వేదిక మీద, అదే రోజు, 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' చిన్న డాక్యుమెంటరీల విభాగంలో ఆస్కార్ గెలిచింది. పక్క రాష్ట్రంలోని ముదుమలై అడవిలో ఏనుగుపిల్లలను పెంచిన దంపతుల మీద కార్తికి గోన్సాల్వేస్ తీసింది. దాని గురించి ఎవరినైనా అడగండి, "అదేందప్పా?" అంటారు.

మనవాళ్ళకు ఈ రుచి లేదంటే నేను ఒప్పుకోను. 'నాటు నాటు' పాట ఉక్రెయిన్ అధ్యక్ష భవనం ముందర తీశారని, యుద్ధానికి ముందే తీశారని చెప్పుకుని మురిసిపోయేది వీళ్ళే. 'మాయాబజార్' పాటల గురించి పెద్దవాళ్ళ వాదన వినాలి. నాలుగు బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి తప్పుకున్నాడు, వాటిని వాద్యాలతో కూర్చి రికార్డు చేసి, మిగిలిన పాటలు చేసింది ఘంటసాల. మరి గొప్పతనం ఎవరిదని గంటలు గంటలు మాట్లాడతారు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో పిల్లల పాట ఎంత విన్నారో, పాటకూ పాటకూ మధ్య బాలసుబ్రహ్మణ్యం చెప్పే సంగతులు అంతకంటే శ్రద్ధగా విన్నారు. ఈ పాట రికార్డింగు నాడు ఏం జరిగింది, ఆ ఫ్లూట్ ఎవరిది, ఆ చరణం దగ్గర సంగీత దర్శకుడు ఏమన్నాడు... ఆయన మాట్లాడుతుంటే వంటింట్లోంచి ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. ఆయన 2020 సెప్టెంబరులో పోయాక ఆ కబుర్ల కోసం జనం పాత వీడియోలు వెతుక్కుంటున్నారు. పాట వెనక మనిషిని తెలుసుకోవాలనే ఈ ఆకలే పాటల డాక్యుమెంటరీకి మూలం. ఆకలి ఉంది. వడ్డించినదాన్ని మాత్రం వేరే కులం కూడులాగా చూస్తున్నారు. నా కోపం అక్కడ.

2024లో రాజమౌళి మీద 'మోడరన్ మాస్టర్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. నాకు అందులో పొగడ్తలు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ అనిపించింది. సెకండాఫ్ ఎక్కడ ఈడ్చినాడో చెప్పగల మనవాళ్ళు ఈ మాట నాకంటే ఘాటుగా అనగలరు. అనలేదు. అభిమానులు ముక్కలు కోసి స్టేటస్‌లు పెట్టుకున్నారు, మిగిలినవాళ్ళు వదిలేశారు. దాన్ని ఒక బొమ్మగా తూచినవాళ్ళు నాకు కనపడలేదు.

సరిగా తీస్తే ఎట్లుంటుందో చూడాలంటే 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' చూడండి. 1999లో విమ్ వెండర్స్ తీశాడు. క్యూబాలో జనం మరిచిపోయిన ముసలి గాయకులు. ఇబ్రహీం ఫెర్రర్ బతకడానికి బూట్లు పాలిష్ చేసుకుంటున్నవాడు. తొంభై దాటిన కొంపాయ్ సెగుండో చుట్ట కాలుస్తూ తన పాత వీధులు వెతుక్కుంటాడు. చివరకు వాళ్ళే న్యూయార్క్ కార్నెగీ హాల్లో నిలబడి పాడతారు. భాష రాకపోయినా ఆ ముసలివాళ్ళ ముఖాలు మనకు అర్థమవుతాయి. మన కిన్నెర మొగిలయ్యను చూడండి. 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినగానే హాళ్ళు దద్దరిల్లాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళకు ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. తెర మీద దక్కిన ఆ కొన్ని క్షణాలే ఆయన గురించి మనకు తెలిసింది. ఆయన వాయించే మెట్ల కిన్నెర ఎట్లా చేస్తారు, ఆయన తాత ఏం పాడేవాడు, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నాడు? అడిగినవాళ్ళు ఎంతమంది?

అట్లా అడగాల్సినవాళ్ళు మా దగ్గరా ఉన్నారు. మా కరువు సీమలో ఉరుములున్నాయి. మబ్బులో ఉరుము సంగతి పక్కన పెట్టండి, గంగమ్మ జాతరలో మోగే వాద్యం. మెడకు తగిలించుకుని ఒక పక్క కొడతారు, ఇంకో పక్క వంకర పుల్లతో తోలును రాస్తారు. రాపిడికి లోపల నుంచి ఒక మూలుగు లేస్తుంది. దూరంగా వాన వస్తోందేమో అనిపించే మూలుగు. వలయంగా తిరుగుతూ, రంగు బట్టల్లో, గంటల తరబడి వాయిస్తారు. పుల్ల ఎంత నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నది చేతికి తెలియాలి, రాసిపెట్టేది కాదు. ఆ చేతులు ముసలివైపోయాయి. కొడుకులు బెంగళూరులో సెంట్రింగ్ పనికో, వాచ్‌మన్ పనికో పోయారు. జాతరకు వస్తారు, సెల్ఫీ తీసుకుంటారు, పొద్దున బస్సుకు వెళ్ళిపోతారు.

వీళ్ళ మీద బొమ్మ తీయడానికి డబ్బు పెట్టేదెవరు అంటారు. నిజమే, పెద్ద బొమ్మకు డబ్బు కావాలి. హీరో పుట్టినరోజుకు మన ఊరి పిల్లలు ఫోన్‌లో చేసే వీడియోలు చూశారా? కోతలు, మ్యూజిక్ తాళానికి బొమ్మ మార్చడం, పేరు ఎగిరిపడే తీరు, అంతా నేర్చుకున్నారు, ఎవరూ నేర్పకుండానే. ఆ చేతులకే నా విన్నపం. వచ్చే జాతరకు ఊరికి వచ్చినప్పుడు సెల్ఫీతో ఆపొద్దు. ఉరుములాయన ఇంటికి పోండి. తాతా, ఈ వాద్యం ఎవరు చేశారు, ఈ తోలు దేనిది, నీకు ఎవరు నేర్పారు అని అడగండి. ఆయన మాట్లాడినంతసేపూ కెమెరా ఆపకండి. ఆకాశం వైపు చూడమని అనకండి. కరువు సంగతి ఆయన చెబితే వినండి, మీరు ముందు ఎత్తకండి. తీసినదాన్ని బడి గోడ మీద తెల్లగుడ్డ కట్టి ఊరికి చూపించండి. ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఊరి పెద్దలకూ, టీ అంగడి బెంచీ మీది పెద్దమనుషులకూ కూడా ఒక మాట. ఆ పొద్దు వచ్చి చూడండి. చూసి ఊరికే లేచిపోకండి. ఎక్కడ బాగుందో చెప్పండి, ఎక్కడ ఈడ్చినారో చెప్పండి. మాటలు ఇనపల్లేదంటే మొహం మీదే అనండి. 'టింబక్టు'ను కూడా అదే గుడ్డ మీద వేయించండి, ఆ ఇద్దరు మన రైతును సరిగా చూపించారో లేదో తేల్చండి. మీరు తేల్చాల్సిన పని అది. ఢిల్లీలో జ్యూరీ ఎప్పుడో తేల్చేసింది, చెన్నేకొత్తపల్లి పొరుగువాళ్ళం మాత్రం ఇంతవరకూ నోరు విప్పలేదు.