కుర్చీ అల్లిన చేతుల పేరేమిటి?

బెంగళూరులోనో, చెన్నైలోనో, పూణేలోనో కొత్తగా ఫ్లాటు తీసుకున్న మన యువ దంపతులు డైనింగ్ టేబులు కోసం ఫోనులో వెతికితే ఒక రకం కుర్చీ తప్పకుండా కనబడుతుంది. టేకు రంగు చెక్క, తిరగేసిన ‘వి’ అక్షరం లాంటి కాళ్లు, సీటుకూ వీపుకూ పేము అల్లిక. ‘మిడ్ సెంచురీ’ అనీ, ‘చండీగఢ్ కుర్చీ’ అనీ దానికి పేరు. అది పాత నమూనాకు నకలు అని అమ్మేవాళ్లే చెబుతారు. చూడడానికి బాగుంటుంది, కూర్చోవడానికి ఇంకా బాగుంటుంది. దాన్ని కొనవద్దని చెప్పడానికి మేము ఈ నాలుగు మాటలు రాయడం లేదు. కొనేముందు దాని కథ తెలుసుకోవాలనీ, తెలుసుకున్నాక ఒక ప్రశ్న అడగాలనీ మా మనవి.

దేశ విభజనలో లాహోరు పాకిస్తాన్‌కు పోయింది. మన పంజాబుకు కొత్త రాజధాని కావలసి వచ్చింది. 1951లో ఆ పనిని లె కార్బూజియే చేపట్టాడు. ఆయనకు వరసకు సోదరుడైన పియెర్ జాన్నరే చండీగఢ్‌లోనే నివాసముండి 1965 వరకు పని చూశాడు. కొత్త నగరంలో సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం, గ్రంథాలయాలు, ఉద్యోగుల ఇళ్లు లేచాయి. వాటన్నిటికీ వేల సంఖ్యలో కుర్చీలు కావాలి. ఖర్చు తక్కువ కావాలి, స్థానికంగా దొరికే సరుకుతో, స్థానిక వడ్రంగులు చేయగలిగేలా ఉండాలి. ఏసీలు లేని రోజులు, పంజాబు ఎండలు. గాలి ఆడాలంటే పేము అల్లికే సరైనది. తెగితే మళ్లీ అల్లించుకోవచ్చు. ఈ లెక్కలన్నీ కలిసి పుట్టిన కుర్చీ అది. విలాసం కోసం పుట్టింది కాదు, గుమాస్తా కూర్చోవడానికి పుట్టింది.

జాన్నరే ఒక్కడే గీసిన బొమ్మలూ కావవి. ఆ బృందంలో భారతీయులు చాలామంది ఉన్నారు. మన దేశపు తొలి మహిళా ఆర్కిటెక్టుల్లో ఒకరైన ఊర్మిళా యూలీ చౌదరి ఫర్నిచర్ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. అయినా ప్రపంచం ఆ కుర్చీని జాన్నరే పేరుతోనే పిలుస్తుంది. చౌదరి పేరు వెతికితే గాని దొరకదు. చెక్క కోసినవాడి పేరు, పేము అల్లినవాళ్ల పేర్లు వెతికినా దొరకడం అరుదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. కాలం గడిచి పేము తెగిపోయింది. ఆఫీసులకు తిరిగే కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. పాతవాటిని మేడల మీద, మెట్ల కింద గుట్టలుగా పోసి, తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు వాటిని కారుచౌకగా కొని, బాగు చేయించి, పారిస్, లండన్, న్యూయార్క్ వేలంపాటల్లో లక్షల రూపాయలకు అమ్మారు. అమెరికా కళాకారిణి ఏమీ సీగెల్ ఈ ప్రయాణాన్ని వెనక్కి నడిపిస్తూ 2013లో ‘ప్రావెనెన్స్’ అనే సినిమా తీశారు. ధనికుల ఇళ్లలో మొదలై చండీగఢ్ ఆఫీసుల్లో ముగిసే సినిమా అది. 2011లో కేంద్ర హోంశాఖ ఈ వారసత్వ వస్తువుల అమ్మకాన్ని ఆపమని ఆదేశించింది. కాని 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే నూరేళ్లు నిండాలి. ఈ కుర్చీలకు ఇంకా నిండలేదు. అందుకే ఎగుమతిని అడ్డుకోవడం కష్టమవుతోంది.

అసలు కుర్చీని గుర్తు పట్టడానికి కొనేవాళ్లు చూసేవాటిలో ఒకటి, చెక్క మీద తెల్లరంగుతో రాసిన ఆఫీసు గుర్తు. ఏ శాఖ, ఎన్నో నంబరు అని ఎవరో చిరుద్యోగి లెక్క కోసం రాసిన అక్షరాలు. ఆ రాత ఉంటే కుర్చీ విలువ పెరుగుతుంది. ఆస్తి ఎవరిదో రాసి పెట్టారు, చేసింది ఎవరో మాత్రం రాయలేదు.

ఇప్పుడు నకళ్ల సంగతి. ఇటలీ కంపెనీ కసీనా 2019లో జాన్నరేకు నివాళి అంటూ ఈ నమూనాలను విడుదల చేసింది. మన బెంగళూరులోనే ఫాంటమ్ హ్యాండ్స్ అనే సంస్థ వీటిని తిరిగి తయారు చేయిస్తోంది. జోధ్‌పూర్ వంటి చోట్ల చిన్నా పెద్దా కార్ఖానాలు చవక రకాలు చేస్తున్నాయి. నకలు అంటే చిన్నచూపు చూసేవాళ్లున్నారు. మేము ఆ మాట ఒప్పుకోము. ఒక బొమ్మ గీసి, దాన్ని చూసి వేర్వేరు కార్ఖానాల్లో వేల కుర్చీలు చేయించినప్పుడు మొదటి కుర్చీ అసలు, చివరిది నకలు అని ఎలా అంటాం? ప్రభుత్వ సొమ్ముతో, ప్రజల కోసం పుట్టిన నమూనా మళ్లీ ప్రజల ఇళ్లకు రావడం మంచిదే. కోటీశ్వరుడి హాల్లో అలంకారంగా ఉండడం కంటే మన వంటింటి పక్కన ఉండడమే దానికి గౌరవం.

మా అభ్యంతరం వేరే. డెబ్బై ఏళ్ల కింద చేసిన చేతుల పేరు లేదు. నేటి నకలు మీద కూడా కంపెనీ పేరు ఉంటుంది, జాన్నరే పేరు ఉంటుంది, చేతుల పేరు ఉండదు. కుర్చీని కాపీ కొట్టడంలో తప్పు లేదు. ఆ మరుపును కూడా కాపీ కొడుతున్నామే, తప్పు అక్కడ ఉంది.

పేము అల్లిక తేలిక పని కాదు. చట్రం చుట్టూ బెజ్జాలు వేసి, బద్దలు నీళ్లలో నానబెట్టి, నిలువు, అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, ఆ పైన రెండు ఐమూలలు, ఇలా ఆరు వరుసలు లాగాలి. చేయి తిరిగినవాళ్లకు కూడా ఒక సీటుకు ఒక పూట సరిపోదు. బద్దల అంచులు వేళ్లు కోస్తాయి. కూలి మాత్రం సీటుకు ఇంత అని. అందుకే చవక రకాల్లో మిషను మీద నేసిన పేము చాపను గాడిలో జిగురుతో బిగిస్తారు, ఇంకా చవకైతే ప్లాస్టిక్ తీగ. ధరలో తేడా ఎక్కడినుంచి వచ్చిందో కొనేవాళ్లకు తెలియాలి.

ఈ పని చేసేది ఎవరు? వెదురు, పేము పని మన భాషలో మేదరుల వృత్తి. ఆంధ్ర, తెలంగాణల్లో వారు బీసీ-ఏ. కర్ణాటకలో మేద పేరుతో ఎస్టీ. మహారాష్ట్రలో బురుడు పేరుతో ఎస్సీ. అక్కడ క్రైస్తవులైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ ఎస్సీ గుర్తింపును కూడా తీసేస్తుంది. రాష్ట్రం దాటి బతికే మనకు ఇది కొత్త సంగతి కాదు. ఒకే పని, ఒకే చేతులు, సరిహద్దు దాటితే కాగితం మారుతుంది.

ఇంకొకరున్నారు, అంధులు. మన దేశంలో అంధుల మొదటి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ స్థాపించారు. తర్వాత వచ్చిన అనేక అంధుల పాఠశాలలు కుర్చీ అల్లికను బతుకుతెరువుగా నేర్పాయి. వేళ్లతో చూసి చేయగల పని అది. అంధుల కోసం ప్రభుత్వం గుర్తించిన ఉద్యోగాల్లో కుర్చీ అల్లిక కూడా చేరింది. ప్లాస్టిక్ కుర్చీ రాగానే ఆ పని ఎండిపోయింది. ఇప్పుడు పేము ఫ్యాషనై తిరిగి వచ్చింది. కాని పని ఆ చేతులకు తిరిగి వెళుతోందా?

కుర్చీ అంటే మన దేశంలో చెక్క, పేము మాత్రమే కాదు. 2019లో ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ ప్రాంతంలో ఒక పెళ్లి విందులో దళిత యువకుడు పై కులస్తుల ఎదుట కుర్చీలో కూర్చుని తిన్నాడని కొట్టారనీ, ఆ దెబ్బలకే చనిపోయాడనీ కుటుంబం ఫిర్యాదు చేసింది. కుర్చీ చేయడానికి పనికివచ్చే చేతులు ఆ కుర్చీలో కూర్చుని అన్నం తినడానికి పనికిరావా? నజరేతు వడ్రంగిని ప్రభువని పిలిచే మనం ఈ ప్రశ్నను దాటిపోలేం.

కాబట్టి మా మాట మూడు ముక్కల్లో.

మొదటిది, కొనేవాళ్లకు. ధర, వారంటీ అడిగినట్టే, అల్లింది ఎవరు, ఎక్కడ, కూలి ఎంత అని అడగండి. జవాబు చెప్పగలిగిన దుకాణంలో కొనండి. సీటు కింద చేసినవాళ్ల పేరు రాయమనండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు, వందమంది అడిగితే రాస్తారు.

రెండోది, సంఘ పెద్దలకు. పాత మిషను బంగళాల్లో, పార్సనేజీల్లో, స్కూళ్లలో పేము కుర్చీలు ఇంకా ఉన్నాయి. పేము తెగిందని తుక్కుకు వేసేముందు చట్రం చూడండి. గట్టిగా ఉంటే అంధ అల్లికదారులను పిలిపించి, న్యాయమైన కూలి ఇచ్చి అల్లించండి. చండీగఢ్ తుక్కు వేలాల నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం అదే.

మూడోది, చేతిపని తెలిసిన యౌవనస్థులకు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, బుట్టలు చాపలు అల్లేవాళ్ల పని ఉన్నాయి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఇస్తారు. అర్హత ఉంటే అడిగి తీసుకోండి. అది దానం కాదు, హక్కు. చేసిన ప్రతి వస్తువు మీద మీ పేరు చెక్కండి.

వాళ్ల తాతలు చేసిన కుర్చీల మీద ఆఫీసు నంబరు మిగిలింది. మనవళ్లు చేసే కుర్చీల మీద మనిషి పేరు మిగలాలి.