సజ్దాకు వంగని వెన్ను

ఒకప్పుడు మొదటి వరుసలో నిలిచిన పెద్దవారు క్రమంగా మస్జిదుకు రావడం మానేస్తారు. కారణం అడిగితే, వెన్ను వంగడం లేదని, సజ్దా చేయలేక నలుగురిలో సిగ్గుపడుతున్నామని చెబుతారు. ఇంటివారు దానిని కీళ్లవాతమనీ వయసనీ సరిపెట్టుకుంటారు. దంతాలపల్లి పరిసరాలలోని పాఠకులను మేము కోరేదేమిటంటే, ఆ పెద్దవారు ఇన్నేళ్లూ తాగిన నీటిని గురించి కూడా ఒకసారి విచారించండి.

ఎముకను ఎముకతో బిగించి ఉంచే నారల వంటి పట్టీలను వైద్యులు లిగమెంట్లంటారు. మెడ తిరగాలన్నా, నడుము వంగాలన్నా అవి మెత్తగా ఉండాలి. వాటిలో కాల్షియం పేరుకుని గట్టిపడటమే లిగమెంట్ కాల్సిఫికేషన్. దీనికి వేరే కారణాలూ ఉన్నాయి. ఏది అసలు కారణమో వైద్యుడే తేల్చాలి. కానీ ఫ్లోరైడ్ అధికంగా ఉన్న బోరు నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో ఇది వెన్నెముక పొడవునా, ముంజేతి రెండు ఎముకల నడుమనున్న పొరలోనూ ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పట్టు తప్పుతాయి.

ఇది కొత్త సంగతి కాదు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను గురించి వైద్యులు వ్రాశారు. 1955లో ఏ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్ ద్వారా లోకం దృష్టికి తెచ్చారు. ఆ పాత నల్లగొండ జిల్లా మనకు పొరుగుదే.

ఒకసారి పేరుకున్న సున్నాన్ని కరిగించే మందు లేదు. అందుచేత ఇంట్లోని పిల్లల కోసమైనా బోరు నీటిని పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. చాయ్ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. నల్లా నీరు వస్తున్నా, రుచి కోసమని చాయ్‌కి పాత బోరు నీటినే వాడే అలవాటు ఉన్న ఇళ్లు దీనిని గమనించాలి.

ఇక ఆ సిగ్గు సంగతి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ నమాజును గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) బోధించినట్లు బుఖారీలో ఉంది. నేలను తాకలేనివారు సైగతో సజ్దా చేయవచ్చు; రుకూకన్న తలను కొంచెం ఎక్కువ వంచితే చాలు. వరుస చివర వారి కోసం ఒక కుర్చీ వేయించడం మస్జిదు కమిటీకి ఒక పూట పని.