వన్స్‌మోర్ అన్నవాళ్ళు

కథ అందరికీ తెలిసిందే. కృష్ణుడు రాయబారం వెళతాడు. సంధి కుదరదు. యుద్ధం తప్పదు. పద్యాలూ తెలిసినవే. అయినా గోదావరి జిల్లాల్లో ఏ తీర్థానికో, శ్రీరామనవమి పందిరికో పద్యనాటకం వచ్చిందంటే చాలు... పెందలాడే భోజనాలు ముగించి, చాపలూ దుప్పట్లూ చంకన పెట్టుకుని జనం బయల్దేరేవారు. తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవారు. ఏం జరుగుతుందో చూడ్డానికి కాదు. ఫలానా నటుడు ఫలానా పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడో వినడానికి!

సినిమా హీరోల అభిమానులకు సంఘాలుంటాయి, కటౌట్లుంటాయి. పద్యం అభిమానికి అవేవీ లేవు. ఉన్నవి రెండు చెవులు, ఒక గొంతు. ఆ గొంతుతో అతడు అనే మాట ఒక్కటే... ‘వన్స్‌మోర్’!

ఈ పిచ్చికి గోదావరి గడ్డ మీద లోతైన వేళ్ళున్నాయి. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘చిత్రనళీయం’తో పాటలూ పద్యాలూ కలిసిన నాటకానికి దారి వేశారు. ఆ దారి గోదావరికి చేరేసరికి రాజబాట అయింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. చదువుకున్నవారే తక్కువైన రోజుల్లో ఒక నాటకం పుస్తకానికి అంత గిరాకీ!

ఇక తిరుపతి వేంకట కవులు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిది కడియం. దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. గోదావరికి ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు. అవధానాలతో సంస్థానాలను మెప్పించిన ఆ జంట ‘పాండవోద్యోగ విజయాలు’ దగ్గరకొచ్చేసరికి పండితుల భాష పక్కన పెట్టింది. బావామరుదులు మాట్లాడుకున్నట్టు, అన్నదమ్ములు దెప్పుకున్నట్టు పద్యాలు రాసింది. వృత్తమేదో, యతి ఎక్కడో తెలియని పాలేరు కూడా నాలుగు పాదాలూ అప్పజెప్పగలిగాడంటే కారణం అదే. తిరుపతిశాస్త్రి 1920లోనే కన్నుమూశారు. వారి కృష్ణుడు మాత్రం ఆ తర్వాత కూడా ఊరూరా రాయబారాలు నడుపుతూనే ఉన్నాడు.

పద్యాన్ని మామూలుగా చదివితే అర నిమిషం. రాగం తీసి పాడితే ఎన్ని నిమిషాలో నటుడి ఊపిరి చెప్పాలి, జనం చప్పట్లు చెప్పాలి. హార్మోనియం శ్రుతి అందిస్తుంటే, నటుడు ఒక పాదం చివర ఆగి మోహనలోనో కల్యాణిలోనో పైకి వెళ్ళేవాడు. జనం ఊపిరి బిగబట్టేవారు. అతడు కిందికి దిగివచ్చి చివరి మాట పలకగానే పందిరి దద్దరిల్లేది. మళ్ళీ అదే పద్యం, మళ్ళీ అదే రాగం. ఈలోగా దుర్యోధనుడి వేషగాడు కోపం ముఖాన అలాగే నిలబెట్టుకుని పక్కన ఉండాల్సిందే!

కాంట్రాక్టు నాటకాల వాళ్ళు ఈ నాడి పట్టుకున్నారు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు! పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు మరొకరు. కిరీటం మారుతుంది, ముఖం మారుతుంది, ఎవరూ తికమకపడరు. ఎవరి కృష్ణుడు వారికి ఉన్నాడు. ఈలతో రాగాలు పలికించిన ‘ఈలపాట’ రఘురామయ్య ఒకరికి దేవుడు. 1960లో వచ్చిన ‘శ్రీకృష్ణ రాయబారం’ సినిమాలోనూ ఆయనే కృష్ణుడు. మాట మాటకూ అర్థం తెలిసేలా పలికిన పీసపాటి నరసింహమూర్తి మరొకరికి ప్రాణం. షణ్ముఖి ఆంజనేయరాజు రాగం వినకపోతే ఇంకొకరికి నాటకం చూసినట్టే కాదు. తెల్లారి కాలవగట్టు మీద, టీకొట్టు దగ్గర ఇదే వాదన. రాగమా, భావమా?

ఈ వాదన చిన్నది కాదు. బళ్ళారి రాఘవ వంటి మహానటులు సహజమైన మాటకూ అభినయానికీ పెద్దపీట వేశారు. పాట శ్రుతి మించితే పాత్ర చస్తుందన్న విమర్శ ఆనాటి నుంచీ ఉంది. అందులో నిజం లేకపోలేదు. అభిమానం కథను ఆపేసింది, రాయబారాన్ని గానకచేరీ చేసేసింది. అయితే ఆ అభిమానమే లేకపోతే, సినిమా వచ్చిన ఊపుకు ఈ నాటకం ఎప్పుడో పుస్తకాల బీరువాలోకి వెళ్ళిపోయేది. చెడగొట్టిందీ వాళ్ళే, బతికించిందీ వాళ్ళే.

అంతేకాదు, నాటకం ఎలా ఉండాలో కూడా శ్రోతే తేల్చాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’ కాటి సీనులో గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు వచ్చి చేరాయి. అవి ఆ నాటకం కోసం రాసినవి కావు. కానీ డి.వి. సుబ్బారావు వంటి హరిశ్చంద్రులు అందుకుంటే జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. అంటరానివాడని సంఘం దూరం పెట్టిన కవి మాటలను అదే సంఘం అర్ధరాత్రి వన్స్‌మోర్ అని మళ్ళీ మళ్ళీ అడిగి పాడించుకుంది. ఇప్పుడు అవి లేని కాటి సీనును జనం ఒప్పుకోరు.

గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే. పద్యానికి సరిగ్గా సరిపోయింది. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. పెళ్ళి పందిట్లో, గుడి మైకులో రాయబారం మోగింది. 1967లో ‘శ్రీకృష్ణావతారం’, 1977లో ‘దానవీరశూర కర్ణ’ సినిమాలు తిరుపతి వేంకట కవుల పద్యాలను కొత్త తరానికి అందించాయి. 1998లో మొదలైన నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విడిగా పోటీ పెట్టారు. ఇప్పుడు యూట్యూబ్‌లో వెతికితే పాత కృష్ణులందరూ ఒకేచోట దొరుకుతారు.

మరి కొరత ఎక్కడ? నటుడిని తయారు చేయవచ్చు. హార్మోనియం మాస్టారు దొరికితే, గొంతూ ఓపికా ఉంటే కొన్నాళ్ళకు పద్యం పట్టుబడుతుంది. శ్రోతను అలా తయారు చేయలేం. అతడికి నాలుగో పాదం ముందే తెలిసి ఉండాలి. నటుడు ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో పట్టుకోగలగాలి. ఆ చెవి బడిలో రాలేదు. చేలో నీళ్ళు కడుతూ తాతయ్య తీసిన కూనిరాగంలోంచి వచ్చింది. బడిలో పద్యం మార్కుల కోసం బట్టీ పట్టేది అయింది. ఇంట్లో తాతయ్య పాడటం మానేశాడు.

ఈ ఆదివారం ఒక పని చేసి చూడవచ్చు. రాయబారంలోని ఏదో ఒక పద్యాన్ని ఇద్దరు కృష్ణుల గొంతుల్లో పిల్లలకు వినిపించి, ఎవరు బాగా పాడారని అడగండి. పెద్దమ్మాయి ఒకరి పేరు, చిన్నవాడు మరొకరి పేరు చెప్పి గొడవపడ్డారా... ఇక బెంగలేదు, కాలవగట్టు వాదన మీ ఇంటికి వచ్చేసినట్టే!